హాజరు పట్టీలో ‘ఎక్కడ’ గడి

మార్చి పద్దెనిమిదో తేదీ సాయంత్రం నాలుగు గంటలకు, గుంటూరు శివారులోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల యాజమాన్యం రెండు ఉత్తర్వులు జారీ చేసింది. మొదటిది భూగోళశాస్త్ర అధ్యాపకురాలు డాక్టర్ జాస్మిన్‌ను సస్పెండ్ చేసింది. రెండోది, ఆమె దగ్గర బి.ఎ. రెండో సంవత్సరం చదువుతున్న ఏడుగురు అమ్మాయిలకు హాజరు చాలలేదంటూ హాల్ టికెట్లు నిరాకరించింది. పరీక్షలు ఏప్రిల్ ఎనిమిదిన మొదలవుతాయి.

ఆ ఏడుగురే కళాశాల కబడ్డీ జట్టు. ఉత్తర్వులు నోటీసు బోర్డుకు ఎక్కే వేళకు, వాళ్లు కప్పు ఎత్తి పట్టుకున్న పన్నెండడుగుల ఫ్లెక్సీ గేటు మీద గాలికి టపటప కొట్టుకుంటూనే ఉంది. దాని కింద పెద్ద అక్షరాలతో ‘ప్రవేశములు జరుగుచున్నవి’ అని ఉంది.

ఆరోపణ ఒక్కటే. ఆ అమ్మాయిలు కళాశాలలో లేని రోజుల్లో జాస్మిన్ వాళ్లకు హాజరు వేసింది. ఇందులో దాపరికం ఏమీ లేదు. వాళ్లు కళాశాలలో లేకపోవడం నిజం. ఆమె హాజరు వేయడమూ నిజం. ఆ రోజుల్లో పాఠం జరగడం కూడా నిజమే కాని, ఆ సంగతికి ఉత్తర్వులో ఒక్క వాక్యం దక్కలేదు.

పాఠం ఎక్కడ జరిగిందన్నదే తగువు. ‘ఎక్కడ’తో జాస్మిన్‌కు తగువు ఈనాటిది కాదు, పురిటినాటిది.

ఆమె తండ్రి జయరావు మిరపకోత ముఠాకు మేస్త్రీ. మార్కాపురం వైపు మెట్ట పల్లె నుంచి ఏటా చలికాలం చివర ఇరవై జంటలను లారీ ఎక్కించి గుంటూరు నల్లరేగడికి తెచ్చేవాడు. పేపర్లు దాన్ని వలస అంటాయి. ముఠాలో వాళ్లు ‘కోతకి పోవటం’ అంటారు, సంతకి పోవటం అన్నంత తేలిగ్గా. అలాంటి ఒక కోతలో, ప్రత్తిపాడు దగ్గర ఒక మిరప కల్లంలో, కాయలు ఎండబోసే పట్టా మీదే తల్లి వీరమ్మ ఆమెను కన్నది. పుట్టిన ఊరు ఒకటి, రేషన్ కార్డు ఊరు మరొకటి, పాస్టరు గారు బాప్తిస్మ పత్రంలో రాసింది మూడోది. బడిలో చేర్చేటప్పుడు పంతులు గారు కలం ఎత్తి పట్టుకుని “మీదే ఊరే?” అని అడిగితే, ఆరేళ్ల జాస్మిన్ కాసేపు ఆలోచించి, “ఇప్పుడా సార్, ఎప్పుడూనా?” అందట. పంతులు గారు నవ్వి, ఆ గడి ఖాళీగా వదిలేశారు. చదువంతా ఆమె ఆ గడినే పూరిస్తూ పోయింది.

ముఠాలకు ఆదివారం కోత లేదు. పొద్దున పాస్టరు గారు మోపెడ్ మీద వచ్చి పట్టాల గుడారాల మధ్య ప్రార్థన చేసి వెళ్లేవారు. మధ్యాహ్నం పక్క చేలోని ముఠాతో కబడ్డీ. ఆడవాళ్లకు ఆడవాళ్ల జట్టు, మగవాళ్లకు మగవాళ్లది. జట్టు పేరు విషయంలో మాత్రం అందరికీ ఒకటే కట్టుబాటు. ఎవరి బోరు నీళ్లు తాగుతుంటే, ఆ ఊరి పేరు మీదే ఆడాలి.

“మనం మార్కాపురం జట్టని పెట్టుకోవచ్చుగా నాన్నా?” అని ఒకసారి అడిగింది.

“మార్కాపురం నీళ్లు తాగి నాలుగు వారాలైందే. అయ్యి ఒంట్లోంచి ఎప్పుడో పోయినయ్యి,” అన్నాడు జయరావు, కాలితో గీత గీస్తూ. “ఇయ్యాల నీ ఒంట్లో ఉంది ఏ బోరు? దాని తరఫున కూతకి పో.”

ఇంకో చోట పెరిగిన పిల్లయితే ఆ మాట అక్కడే మరిచిపోయేది. జాస్మిన్ దాని మీద పిహెచ్.డి. చేసింది. మోకాలు దెబ్బతిని కబడ్డీ మానేశాక, నోట్‌బుక్ పట్టుకుని అరవై రెండు గుడారాల చుట్టూ తిరిగి, ఏ ముఠా ఎక్కడ పుట్టి, ఎక్కడి నీళ్లు తాగి, ఏ పేరుతో ఆడుతుందో పటం గీసింది. వైవాలో ఒక పెద్దాయన అద్దాలు సర్దుకుని, “ఇది భూగోళశాస్త్రమా, ఆటల వార్తలా?” అన్నారు. ఆమె పటం విప్పి బల్ల నిండా పరిచింది. ఒక్కో ముఠాకు మూడు చుక్కలు. జనాభా లెక్కలకు తెలిసినవి వాటిలో ఒక రకం చుక్కలే. పెద్దాయన పావుగంట పటం మీద వంగి ఉండి, తన సొంత మండలంలో చుక్కలు వెతుక్కుని, డాక్టరేట్ ఇవ్వమని సంతకం పెట్టారు.

ఈ చదువు ఆమెకు డిగ్రీతో పాటు ఒక అలవాటును కూడా అంటగట్టింది. దేని మీద ఏం రాసినా పక్కన చోటు రాస్తుంది. నోట్సు మీద రాస్తుంది, టీ కొట్టు చీటీ మీద రాస్తుంది. కళాశాలలో ఆటల మాస్టారు పీరు గారు ఆమెను చూసినప్పుడల్లా, “మేడమ్, మీరు తుమ్మినా అక్షాంశం రాస్తారండీ,” అనేవారు. “రేఖాంశం కూడా, సార్,” అనేది ఆమె. ప్రభుత్వం అచ్చువేసిన హాజరు పట్టీలో పేరుకు, తేదీకి గడులున్నాయి. చోటుకు లేదు. అందుకని ఉద్యోగంలో చేరిన మొదటి వారమే అంచున పెన్సిల్‌తో ఒక నిలువు గీత గీసి, పైన ‘ఎక్కడ’ అని రాసుకుంది. ఆరేళ్లుగా ఆ గడిలో ‘గది 9’, ‘గది 9’ అనే పడుతూ వచ్చింది. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ఆ ఏడుగురు అమ్మాయిలను కళాశాలకు తెచ్చింది కూడా ఆమే. రెండేళ్ల కిందట, పటం సరిచూసుకోవడానికి మళ్లీ గుడారాలకు వెళ్లినప్పుడు, ఇంటర్ పాసై కోతలో ఉన్న కోటేశ్వరి కూతకు పోయి ముగ్గురిని ముట్టి రావడం చూసింది. ఆమెనూ, ఆమె తోటివాళ్లనూ ఒప్పించి, తల్లిదండ్రులను ఒప్పించి, హాస్టల్లో చేర్పించింది. వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే, కోతలొస్తే పోనివ్వాలి. జనవరి ఆఖరున కోటేశ్వరి ఆ షరతును గుర్తు చేయడానికి వచ్చింది.

“మేడమ్, కోతకి పోతన్నాం. ఐదు వారాలు.”

“అందరూనా?”

“అందరం. ముఠాలో ఏడు జతల చేతులు తగ్గితే మేస్త్రీ యాడ మొహం పెట్టుకుంటాడు? కాయ చెట్టు మీద మన కోసం ఆగుద్దా?”

“మరి హాజరు?”

డెబ్బై ఐదు శాతం లేకపోతే హాల్ టికెట్ లేదు. భూగోళశాస్త్రం గంటలు, ప్రాక్టికల్స్‌తో కలిపి, వాళ్ల చదువులో సగం. అవి పడితే ఏడుగురూ గీత దాటుతారు. పడకపోతే అరవై దగ్గర ఆగిపోతారు.

జాస్మిన్ కళాశాల ప్రవేశ పుస్తిక తీసింది. అందులో పద్నాలుగో పేజీ, ఆరో నిబంధన: ‘భూగోళశాస్త్రమున అధ్యాపకుల పర్యవేక్షణలో జరుగు క్షేత్ర అధ్యయన గంటలు బోధన గంటలుగా పరిగణింపబడును.’ ఆ వాక్యం యాజమాన్యం సొంత ఖర్చుతో అచ్చువేసి, ఇంటింటికీ పంచింది. ఆమె జనవరి ముప్పైన ప్రిన్సిపాల్ ఉదయ్ కుమార్ గారికి లేఖ రాసింది. ఫిబ్రవరి రెండు నుంచి మార్చి ఏడు దాకా, వారానికి మూడు రోజులు, మిరప పొలాల్లో నేలల మీద, భూగర్భ జలం మీద, వలస మీద క్షేత్ర తరగతులు తీసుకుంటానని అందులో స్పష్టంగా ఉంది. ప్రిన్సిపాల్ గారు ఆ సమయంలో అడ్మిషన్ల ఫ్లెక్సీకి ఏ రంగు బావుంటుందో చూస్తున్నారు. లేఖ మీద ‘అనుమతించడమైనది’ అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి తిరిగిచ్చారు. ఆ కాగితం నేటికీ ఆమె దగ్గర భద్రంగా ఉంది.

మొదటి తరగతి రోజున చేను యజమాని వేణుగోపాల్ గట్టు మీద నుంచే కేక వేశాడు.

“ఏందమ్మా ఇది? నా చేలో బడి పెట్టావా?”

“సాలు వదలనండీ. కోస్తానే చెప్తాను,” అంది జాస్మిన్, ఒడి కట్టుకుని వరుసలోకి దిగుతూ.

“చెప్తే చెప్పు గానీ, మంచికాయలో తాలుకాయ కలపమాక.”

తెల్లబోయిన తాలుకాయను వేరే ఒడిలో వేయడం ఆమెకు వైవా కంటే ముందే వచ్చు. ఎనిమిది మంది ఎనిమిది సాళ్లలో కదిలారు. చేతులు కాయ మీద, చెవులు పాఠం మీద. నల్లరేగడి తడిస్తే ఎందుకు ఉబ్బుతుందో, ఎండితే ఎందుకు నెర్రెలు బారుతుందో ఆ నెర్రెల మీదే నిలబడి చెప్పింది. పటం గీయాల్సి వస్తే పట్టాను తిరగేసి ముగ్గుపిండితో గీసింది. విరామంలో హాజరు వేసి, పెన్సిల్ గడి దగ్గర ఆగింది.

“వేణుగోపాల్ గారూ, ఈ చేను సర్వే నంబరెంతండీ?”

ఆయన ముఖంలో రంగు మారింది. “ఎందుకు? రోడ్డేమన్నా వేస్తన్నారా ఇటు?”

“లేదండీ. పాఠం ఎక్కడ జరిగిందో రాయాలి.”

“పాఠం రాసుకో. నంబరెందుకు?” అని ఆయన రెండు రోజులు చెప్పలేదు. మూడో తరగతి భూగర్భ జలం మీద. బోర్లు పక్కపక్కన ఎందుకు ఎండిపోతాయో ఆమె చెబుతుంటే, గట్టు మీది మనిషి సాలు చివరకు వచ్చాడు, ఆ తర్వాత సాలు మధ్యలోకి వచ్చాడు.

“మేడమ్, ఆ నీటి మట్టం సంగతి ఇంకోసారి చెప్పండి.”

‘అమ్మా’ పోయి ‘మేడమ్’ వచ్చింది. కోటేశ్వరి తల ఎత్తకుండానే, “ఆయనక్కూడా హాజరు ఎయ్యండి మేడమ్, డౌట్లు మాకంటే ఎక్కువ అడుగుతుండాడు,” అంది. చేనంతా గొల్లుమంది. వేణుగోపాల్ కూడా నవ్వి, సర్వే నంబరు చెప్పాడు. ఆ రోజు నుంచి తన బోరులోకి తాడు వదిలి, నీటి మట్టం కొలిచి, పాల చీటీల పుస్తకం వెనక రాయడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరి ఇరవై ఒకటిన మంగళగిరిలో కళాశాలల కబడ్డీ ఫైనల్. అమ్మాయిలు మొదటి బస్సుకు చేను నుంచే వచ్చారు. మూడు వారాల కోత చేతులవి. ఎంత ఆముదం రాసినా, ఎంత మజ్జిగతో కడిగినా చర్మంలోకి దిగిన కారం పోదు. ఆట మొదలైన ఆరో నిమిషంలో అవతలి జట్టు రక్షకురాలు కోటేశ్వరి మణికట్టు పట్టుకుని, అదే చేత్తో చెమట తుడుచుకుని, కళ్లు మూసుకుని కూలబడింది.

“సార్! చేతులకి ఏదో పూసుకొచ్చారు!”

రిఫరీ ఆట ఆపారు. “ఏం పూశావమ్మా?”

“ఏం పుయ్యలా సార్. మిరప్పళ్లు కోసినాం.”

పీరు గారు అప్పటికే నియమావళి విప్పారు. “నూనె పూయరాదు, జారుడు పదార్థం పూయరాదు. కారం గురించి ఒక్క ముక్క కూడా లేదండీ.”

రిఫరీ చట్టాన్ని నమ్మే మనిషి కాని, ముందు సాక్ష్యం పరిశీలించాలనుకున్నారు. కోటేశ్వరి అరచేతిని బొటనవేలితో గట్టిగా రుద్దారు, వాసన చూశారు, ఏమీ కనబడలేదని తల ఊపారు. ఆ తర్వాత నుదుటి చెమట కంట్లోకి కారుతుంటే అదే వేలితో తుడుచుకున్నారు. మైదానం మొత్తం ఆయన కోసం ఐదు నిమిషాలు ఆగింది. ఎవరో మజ్జిగ పాకెట్ తెచ్చారు. ఎర్రబడ్డ కళ్లతోనే ఆయన తీర్పు చెప్పారు: “పూసింది కాదు. చేతిదే. ఆట సాగించండి.”

ఆ తీర్పులో ఉన్న న్యాయం, మూడు వారాల తర్వాత ముగ్గురు పట్టభద్రులు కూర్చుని చేసిన విచారణలో లేదు.

నాలుగు పాయింట్ల తేడాతో గెలిచారు. మైకు పట్టుకున్న ఆయన కెప్టెన్‌ను, “ఏ ఊరమ్మా మీది?” అని అడిగాడు. “వేణుగోపాల్ గారి బోరు సార్,” అంది కోటేశ్వరి. జనం నవ్వారు. జాస్మిన్‌కు నవ్వు రాలేదు. పక్కకు తిరిగి పీరు గారి నియమావళి చదువుతున్నట్టు నటించింది. కప్పు కారులో కళాశాలకు వెళ్లింది. జట్టు బస్సులో చేనుకు వెళ్లింది. నాలుగో రోజుకు గేటు మీద ఫ్లెక్సీ లేచింది. దాని మీద యాజమాన్యం వారి పేర్లు ఐదు ఉన్నాయి. ఆడినవాళ్ల పేరు ఒక్కటీ లేదు.

మార్చి పదకొండున ఆఫీసులో హాజరు లెక్క తీస్తుండగా పెన్సిల్ గడి బయటపడింది. ‘గది 9’ తర్వాత సర్వే నంబర్లు మొదలై, పదిహేను తరగతుల పాటు నడిచాయి. అబద్ధమాడదలచిన మనిషి అయితే పట్టీలో హాజరు గుర్తు పెట్టి ఊరుకునేది. ఎవరికీ తెలిసేది కాదు. తాను చేసిన ప్రతి పనికీ చోటు రాసుకునే మనిషి కాబట్టే ఆమె దొరికిపోయింది.

పన్నెండున ఉదయ్ కుమార్ గారు ఆమెను గదిలోకి పిలిచి, బల్ల మీద పట్టీ పెట్టారు. దాని పక్కన కొత్త రబ్బరు ఒకటి పెట్టారు.

“పెన్సిలే కదా మేడమ్. రుద్దేయండి. అందరికీ హాయి.”

“మీరు అనుమతి ఇచ్చారు కదండీ, రుద్దడం ఎందుకు?”

“ఇచ్చానండీ, మీరు గుంటూరు చుట్టుపక్కల ఎక్కడో ఒకరోజు టూర్ అనుకున్నాను. ఇలా ఉంటే రేపు తనిఖీకి వచ్చినవాళ్లు కాలేజీ మిరపతోటలో నడుస్తోందంటారు. రుద్దేస్తే పిల్లలు గదిలో ఉన్నట్టే. హాల్ టికెట్లు సాయంత్రానికి ఇచ్చేస్తాను.”

ఆమె రబ్బరు ముట్టుకోలేదు, విసిరికొట్టనూ లేదు. తన ఉద్యోగమైతే అక్కడే తేల్చేసేది. హాల్ టికెట్లు తనవి కావు. మర్నాడు మైదానంలో ఏడుగురినీ కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రుద్దితే ఏమవుతుందో, రుద్దకపోతే ఏమవుతుందో.

ముందు కోటేశ్వరి, “రుద్దితే మేం గదిలో ఉన్నట్టు గదా?” అంది.

“అవును.”

“మరి ఆ కాయ ఎవురు కోసినట్టు? దెయ్యాలు కోసినియ్యా?”

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. కోటేశ్వరి నవ్వలేదు. “మా అమ్మ పేరు యాడా రాయలా మేడమ్, ఇన్నేళ్లు కోసినా. మీ పట్టీలోనే మొదటిసారి మేం చేలో ఉన్నట్టు రాసుండాది. ఉంచండి. పరీక్ష యెట్టా రాయనియ్యరో చూద్దాం.”

ఏడు చేతులు లేచాయి. రబ్బరును జాస్మిన్ ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికే తిరిగి చేర్చింది.

పదహారున విచారణ. ముగ్గురు సభ్యులు.

“తరగతి గది లేకుండా తరగతి ఎలా జరుగుతుంది?” అన్నారు అధ్యక్షుడు.

“నల్లరేగడి తరగతి గదిలో లేదండి.”

“ఈ పెన్సిల్ రాత మీదేనా?”

“నాదే. సర్వే నంబరు ఎక్కడైనా తప్పుంటే చెప్పండి, దిద్దుతాను.”

“పాఠం జరిగిందనడానికి సాక్షులు?”

సాక్షి తలుపు బయటే ఉన్నాడు. వేణుగోపాల్ ఉతికిన చొక్కా వేసుకుని, పాల చీటీల పుస్తకం చంకలో పెట్టుకుని, తొమ్మిదింటికే వచ్చాడు. బయటివాళ్లకు ప్రవేశం లేదన్నారు. ఆయన చేలో అరిచే గొంతు తలుపులకు ఆగేది కాదు.

“అయ్యా, నేను విన్నా పాఠం! అడగండి, చెప్తా! నా బోరు మట్టం ఫిబ్రవరిలో ఎంత, మార్చిలో ఎంత, తేదీలేసి రాసినా!”

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఫ్యాను వేగం పెంచమన్నారు. సాక్షిని ఎందుకు వినలేదో నివేదికలో రాయలేదు. ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర ఉన్న అనుమతి లేఖ నకలును ఆమె బల్ల మీద పెడితే, దాన్ని దస్త్రానికి జత చేయలేదు. పద్నాలుగో పేజీని తెరవలేదు. రెండు రోజులకు ఉత్తర్వులు వచ్చాయి.

జాస్మిన్ ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసింది. వీరమ్మ అంతా విని, “పోనీలేమ్మా. చేతులు కోత మర్చిపోలేదుగా? ఆఖరి కోత ఇంకా ఉంది, వచ్చెయ్,” అంది. తర్వాత గొంతు మార్చి, “ఆ పిల్లల సంగతేందే?” అని అడిగింది. దానికి జవాబు చెప్పాల్సింది జాస్మిన్ కాదు, ఈ కింది వాళ్లు.

కళాశాల యాజమాన్యానికి, ప్రిన్సిపాల్ ఉదయ్ కుమార్ గారికి, విచారణ జరిపిన ముగ్గురు సభ్యులకు:

మీ ప్రవేశ పుస్తికలోని ఆరో నిబంధనను మీరే అచ్చువేశారు. అనుమతి లేఖ మీద సంతకం మీది. రబ్బరు ఇచ్చింది మీరు. గదిలో లేనివాళ్లను గదిలో ఉన్నట్టు చూపితే హాల్ టికెట్లు ఇస్తామని, చేలో చదివినవాళ్లు చేలో ఉన్నామంటే ఇవ్వమని చెప్పిన సంస్థకు క్రమశిక్షణ పేరెత్తే అర్హత లేదు. ఆ పదిహేను తరగతుల హాజరును ఉన్నది ఉన్నట్టు, పెన్సిల్ గడితో సహా, అంగీకరించండి. ఏడుగురికీ హాల్ టికెట్లు ఏప్రిల్ ఎనిమిది కంటే ముందు చేతికివ్వండి. డాక్టర్ జాస్మిన్ సస్పెన్షన్‌ను రద్దు చేయండి. వేణుగోపాల్ సాక్ష్యాన్ని తలుపు లోపల కూర్చోబెట్టి వినండి. ఫ్లెక్సీ మీద ఆడినవాళ్ల పేర్లు రాయండి, లేదా దాన్ని ఈ రోజే దించండి. వాళ్ల బొమ్మ ఉంచుకుని వాళ్లను పరీక్షకు రానివ్వకపోవడం కుదరదు.

ఇందులో ఏది నిరాకరించినా రాతపూర్వకంగా నిరాకరించండి. కింద సంతకం చేయండి, తేదీ వేయండి. ఎక్కడ కూర్చుని రాశారో కూడా రాయండి.